లిండోస్ తీరంలో సూర్యాస్తమయం

"మొదట్నుంచి మళ్ళీ ఒక్కసారి చెప్పమ్మా," అంది రాజకుమారి.

"ఎన్నిసార్లు చెప్పాలె ఆంటీ? గ్రీసు పోలీసులకు చెప్పిన, జగన్ సార్‌కు చెప్పిన, మొన్న ఫోన్ల మీకు చెప్పిన."

"ఫోన్లో వినడం వేరు. మొహం చూస్తూ వినడం వేరు."

సుచిత్ర తల దించుకుంది. సింగపూర్‌లోని ఆంగ్ మో కియోలో ఆమె అద్దెకుంటున్న ఆ ఫ్లాట్‌లో ఫ్యాను గిర్రున తిరుగుతోంది. అయినా ఆమె పైపెదవి మీద చెమట నిలిచింది. వరంగల్ నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వచ్చిన పిల్ల. రాజకుమారి బెల్లు కొట్టేసరికి ఎక్కడికో బయల్దేరబోతోంది. కాళ్ళకి చెప్పులు అలాగే ఉన్నాయి, టేబుల్ మీద మూత బిగించిన క్యారియరు ఉంది.

ఈ పిల్ల భయపడుతోందని రాజకుమారికి గుమ్మంలోనే తెలిసిపోయింది. సింగపూర్‌లోనే పుట్టి, ఇక్కడే మనుషుల్ని ప్రశ్నలడిగి బతుకుతున్న డిటెక్టివ్ ఆమె. తప్పు చేసినవాళ్ళే ఇలా భయపడతారని ఆమె నమ్మకం.

కేసు పైకి చూస్తే చిన్నదే. జగన్మోహనరావు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి డైరెక్టరు. ఇంటర్నెట్ అన్న మాట వినపడితే చాలు, కొత్త ఆఫీసులు పుట్టుకొస్తున్న రోజులవి. ఆయన కంపెనీ కాన్ఫరెన్సు పేరుతో తన వాళ్ళందరినీ గ్రీసు దేశపు రోడ్స్ దీవికి తీసుకెళ్ళింది. వెళ్ళినవాళ్ళలో ఆయన భార్య రాధ ఉంది, ఆయన కింద పనిచేసే సుచిత్ర ఉంది. తిరిగొచ్చినవాళ్ళలో రాధ లేదు. సముద్రంలోకి ఈతకి దిగి కనపడకుండా పోయిందని, ఆ సమయంలో పక్కనున్న సుచిత్ర చెప్పింది. శవం దొరకలేదు. అక్కడి పోలీసులు పట్టించుకోవడం మానేశారని, నిజమేమిటో తేల్చి పెట్టమని జగన్మోహనరావు రాజకుమారి దగ్గరికొచ్చాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అది చూశాకే ఆమె కేసు ఒప్పుకుంది.

"దీవికి పోయిన కాడి నుంచి చెప్పాల్నా?" అంది సుచిత్ర.

"అక్కడి నుంచే."

"మొదటి దినం ఓల్డ్ టౌన్ తిరిగినం. చుట్టూ పెద్ద పెద్ద కోట గోడలు. లోపల గల్లీలల్ల గులకరాళ్ళు పరిచి ఉంటయి, చెప్పులు జారుతయి. వందల ఏండ్ల కింద గుర్రాల మీద యుద్ధం చేసెటోళ్ళు ఉండె వీధి ఇప్పటికీ అట్లనే ఉంది. రాధక్క ఆ గోడల మీద చెయ్యి పెట్టుకుంట నడిచింది. ఎంతమంది దండెత్తి వచ్చినా ఇవి నిలబడే ఉన్నయి చూడు సుచీ అన్నది." ఆ మాట చెబుతూంటే సుచిత్ర గొంతు కాస్త తేలికపడింది. "హార్బర్ కాడ రెండు స్తంభాల మీద జింకల బొమ్మలుంటయి. వాటి కింద కూసోని ఐస్‌క్రీమ్ తిన్నం. పొద్దుమూకినంక ఫలిరాకి బీచ్ దిక్కు ఒకటే మ్యూజిక్. దేశదేశాల పిల్లలు ఇసుకలనే ఎగురుతుండ్రి. రాధక్క డాన్స్ చేసింది ఆంటీ. సారు చూడనప్పుడు."

చివరి మాట రాజకుమారి వింది, కానీ దాని దగ్గర ఆగలేదు. "ఆఖరి రోజు సంగతి చెప్పు."

సుచిత్ర కుర్చీ అంచుకి జరిగింది. "సారు మీటింగ్‌ల ఉంటే మేమిద్దరం బస్సుల లిండోస్ పోయినం. అన్నీ తెల్లటి ఇండ్లే. పైన కొండ మీద పాత గుడి, స్తంభాలు. గాడిదల మీద ఎక్కిస్తమని వెంటపడ్డరు, మేం నడిచే ఎక్కినం. దిగి పెద్ద బీచ్‌కు వచ్చినం. సాయంత్రం దాంక కూసున్నం. సూర్యుడు సముద్రంల మునుగుతుంటే చూసుకుంట కూసున్నం. అప్పుడు రాధక్క ఒక్కసారి ఈత కొట్టొస్త అన్నది. పోయింది. చీకటి పడ్డది. మల్ల రాలే."

"సూర్యుడు మునగడం ఇద్దరూ చూశారా?"

"చూసినం."

"ఎటువైపు మునిగాడు?"

"ఎదురుంగనే. నీళ్ళల్ల. ఎర్రగ."

రాజకుమారి తన సంచిలోంచి మడతపెట్టిన కాగితం తీసి టేబుల్ మీద పరిచింది. లైబ్రరీలో ఒక టూరిస్టు పుస్తకంలోంచి జిరాక్స్ తీయించుకున్న పటం.

"ఇదే మీరు వెళ్ళిన దీవి. పొడుగ్గా చేపలా ఉంది చూడు. ఇదిగో లిండోస్. ఏ ఒడ్డున ఉంది?"

సుచిత్ర పటం మీదికి వంగింది.

"తూర్పు ఒడ్డున. ఆ బీచ్‌లో కూర్చుంటే నీ ఎదురుగా ఉన్నది తూర్పు సముద్రం. పొద్దున్న సూర్యుడు ఆ నీళ్ళలోంచి లేస్తాడు, నిజమే. సాయంత్రం మాత్రం నీ వీపు వెనక కొండల్లోకి పోతాడు. మీరు చూశామంటున్న సూర్యాస్తమయం ఆ బీచ్‌లో ఏ రోజూ జరగదమ్మా."

సుచిత్ర పటాన్ని వేలితో దూరం జరిపింది.

"వేరే బీచ్ కావచ్చు," అంది సుచిత్ర చివరికి. "పరేషాన్ల మరిచిపోయిన."

"స్నేహితురాలు కళ్ళముందే మునిగిపోయిన సాయంత్రాన్ని మరిచిపోయావా? ఆ పూట నువ్వక్కడ లేవు. రాధా లేదు. ఆవిడ ఎక్కడుంది? బతికే ఉంది కదూ?"

సుచిత్ర చూపు ఒక్క క్షణం క్యారియరు మీదికి పోయి వెనక్కొచ్చింది.

రాజకుమారికి ఆ చూపు చాలు. పోయిన శనివారం ఈ పిల్ల వెనకే ఆమె బుకిట్ పంజాంగ్ దాకా వెళ్ళింది. ఇదే క్యారియరుతో సుచిత్ర అక్కడ ఎల్‌ఆర్‌టీ రైలు ఎక్కి, దిగి, ఒక ఫ్లాట్ల బ్లాకులోకి వెళ్ళి లిఫ్టులో మాయమైంది. ఎవరో చుట్టాలుంటారులే అనుకుని రాజకుమారి తిరిగొచ్చేసింది. ఇప్పుడు రెండు ముక్కలూ ఒకదానికొకటి అతికాయి.

ఆమె లేచి నిలబడేసరికి సుచిత్ర రెండు చేతులతో ఆమె మణికట్టు పట్టుకుంది. "సార్‌కు చెప్పకున్రి ఆంటీ. సోమవారం దాంక ఆగున్రి. మీ కాళ్ళు మొక్కుత."

"సోమవారం ఏముంది?"

"చెప్పొద్దన్నరు. ఆయన సంగతి మీకు ఎంత తెలుసు?"

"భార్య కోసం నా ముందు కూర్చుని ఏడ్చిన మనిషి. అంతవరకు తెలుసు."

"ఆయన ఏడ్వడు ఆంటీ," అంది సుచిత్ర మెల్లగా. "కండ్లద్దాలు తుడుచుకుంటడు."

మెట్లు దిగుతూంటే ఆ మాట రాజకుమారికి ముల్లులా గుచ్చుకుంది. కానీ గెలుపు ముందు ఆ ముల్లు ఎంతసేపు నిలుస్తుంది? పోయిన ఏడాది దాకా ఆమె, చక్రధర్ అనే మరో డిటెక్టివ్ కలిసి ఒకే ఏజెన్సీ నడిపారు. పోట్లాడుకుని విడిపోయాక పెద్ద కేసులన్నీ అతని వెనకే పోయాయి. గ్రీసు పోలీసులు కూడా తేల్చలేని సంగతిని తను ఒక పటం ముక్కతో తేల్చింది. ఆమె నేరుగా బిషాన్‌లోని జగన్మోహనరావు ఇంటికి బయల్దేరింది.

*

జగన్మోహనరావు తలుపు తానే తీశాడు. కాండో అపార్టుమెంట్లలో పై అంతస్తున ఉన్న ఇల్లు. లోపల ప్రతి వస్తువూ గీత గీసినట్టు ఉంది. ఆయన ఆమెను కూర్చోబెట్టి, నారింజ రసం తెచ్చి కింద పళ్ళెంతో సహా చేతికిచ్చాడు.

రాజకుమారి అన్నీ చెప్పింది. సూర్యుడి సంగతి చెప్పింది. క్యారియరు సంగతి చెప్పింది. బుకిట్ పంజాంగ్‌లో ఏ బ్లాకో కూడా చెప్పింది.

ఆయన మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అంతా విని, "ఏ అంతస్తు?" అన్నాడు.

"అది ఇంకా తెలీదండి. సోమవారం నాటికి..."

"ఫరవాలేదు. చాలా శ్రమ పడ్డారు." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఈసారి రాజకుమారి ఆ కళ్ళవైపు చూసింది. అవి పొడిగా ఉన్నాయి. "మొన్న రాధ గది చూడాలన్నారుగా, నిదానంగా చూడండి. అమ్మ ఇంట్లోనే ఉంది. నాకు ఆఫీసులో చిన్న పనుంది."

కారు తాళాలు తీసుకుని, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి ఆయన వెళ్ళిపోయాడు. చేతిలో గ్లాసుతో అలాగే కూర్చుండిపోయిన రాజకుమారికి అప్పుడు తట్టింది. నీ భార్య బతికుందని చెబితే ఎవరైనా ముందు ఏమడుగుతారు? ఎలా ఉంది, నిజమేనా, నా మీద ఒట్టేసి చెప్పండి, అంటారు. ఈయన అంతస్తు అడిగాడు.

రాధ గది హోటలు గదిలా ఉంది. మంచం మీద దుప్పటికి ముడత లేదు. కిటికీ ఊచలకి తాళం వేసి ఉంది. గోడకి టెలిఫోను ప్లగ్గు ఉంది, అందులోంచి వచ్చిన తీగ జానెడు పొడవున కత్తిరించినట్టు ఆగిపోయింది. బీరువాలో చీరలు రంగుల వరసలో దొంతర్లుగా ఉన్నాయి. ఆ గదిలో ఒక మనిషి బతికిందని చెప్పే వస్తువు ఒక్కటి కనపడలేదు. చదివి బోర్లించిన పుస్తకం లేదు, వాడిన దువ్వెన లేదు.

ఆమె బయటికొచ్చి తలుపు దగ్గరికి లాగింది. చెయ్యి తగిలిన చోట రంగు వేరుగా ఉంది. తలుపంతా పాత తెలుపు, ఆ ఒక్కచోట కొత్త తెలుపు. వేలితో తడిమింది. మేకుల బెజ్జాలు. లప్పం పెట్టి మూసి, పైన రంగు వేశారు. పక్కన ద్వారబంధం మీద కూడా సరిగ్గా అదే ఎత్తులో మరికొన్ని. వాటి మధ్య పొడవాటి గుర్తు, బద్దలాంటిదేదో చాలాకాలం అక్కడ ఉండి తీసేస్తే మిగిలే గుర్తు.

గడియ. తలుపుకి బయటివైపు గడియ.

రాజకుమారి తలుపు మళ్ళీ తెరిచి లోపలివైపు వంగి చూసింది. పిడి కింద చెక్క చెక్కుకుపోయి ఉంది. చెంచాతోనో దేంతోనో చాలా రోజులు ఓపిగ్గా గీకిన గీతలు.

ఎయిర్‌కండిషన్ వేసిన ఇంట్లో వీపు మీద చెమట పట్టింది.

"కనిపించిందా అమ్మా?"

ఆమె ఉలిక్కిపడి తిరిగింది. నడవ చివర తెల్లజుట్టు ముసలావిడ గోడ పట్టుకుని నిలబడి ఉంది. జగన్మోహనరావు తల్లి మంగతాయారు.

"ఈ గదికి గడియ తీయించేసేడండి," అందావిడ గోదావరి యాసలో, గుసగుసగా. "పోలీసులొస్తే బాగోదని. నా గదికింకా ఉంది."

"మీ గదికా?"

"ఆఫీసుకెళ్ళేటప్పుడు వేసేసి వెళ్తాడండి. ఇవాళ మీరున్నారని వెయ్యలేదు. కొడతాడని కాదండి. గొంతు కూడా పెంచడు. తలుపేసేసి, బయటినుంచి నెమ్మదిగా చెబుతాడు, ఏం తప్పు చేశామో. అది విన్నాక మరి నిద్ర పట్టదండి."

"ఎవరికీ చెప్పలేదా?"

"ఎవరికి చెప్పనండి? ఊరు తెలీదు, భాష రాదు. పైగా కన్నకొడుకు." ఆవిడ రెండడుగులు దగ్గరికొచ్చి రాజకుమారి చెయ్యి పట్టుకుంది. "ఒక్కమాట నిజం చెప్పండి. ఆ పిల్లని వాడే సముద్రంలోకి..."

"లేదమ్మా. రాధ బతికే ఉంది. ఇక్కడే, ఈ ఊళ్ళోనే ఉంది."

ముసలావిడ మొహంలో సంతోషం వస్తుందనుకుంది రాజకుమారి. రాలేదు. ఉన్న కాస్త రంగు కూడా పోయింది.

"అయితే ఆ మాట వాడితో అనకండి," అంది మంగతాయారు.

"చెప్పేశానమ్మా," అంది రాజకుమారి.

"నాతో వచ్చెయ్యండి," అంది రాజకుమారి. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "నేనెక్కడికీ పోను. నన్నెప్పుడైనా తీసుకెళ్ళొచ్చు. ముందా పిల్ల దగ్గరికి వెళ్ళండి."

*

లిఫ్టు కింద ఆగి తలుపు తెరుచుకునేసరికి ఎదురుగా చక్రధర్ నిలబడి ఉన్నాడు. కడప మనిషి. ఎప్పుడూ నలగని చొక్కా, ఎప్పుడూ వెటకారం దాచుకున్న మూతి. విడిపోయిన రోజు తర్వాత ఆమె అతని మొహం చూడటం ఇదే మొదలు.

"నా కేసు కూడా లాక్కోవడానికొచ్చావా?" అంది రాజకుమారి. భయమంతా కోపంగా బయటికొచ్చింది.

"నీ కేసా?" అన్నాడతను. "నీకంటే ముందు ఆ మనిషి నా దగ్గరికే వచ్చినాడు. పో అంటి."

"కేసు వదులుకునే మనిషివి కావు నువ్వు."

"పెండ్లాం మునిగిపోయిందని వచ్చినోడు. అంతసేపు మాట్లాడినాడు, బతికుంటే చాలు అనే మాట ఒక్కసారన్నా వాని నోటెంట రాల్యా. యాడుందో కావల్ల, అంతే. సరే, హోటల్లో రాధ పాస్‌పోర్టు గుడక లేదని నీకు చెప్పినాడా?"

రాజకుమారి తల అడ్డంగా ఊపింది.

"చెప్పింటాడా! సముద్రంలో ఈతకి పోయేవాళ్ళు పాస్‌పోర్టు చేతబట్టుకుని పోతారా రాజీ? ఆ పొద్దే తెలుసు వానికి, పారిపోయిందని. గ్రీసు పోలీసులకీ తెలుసు. వాణ్ని పంపేసి నేను సుచీని కలిస్తి, లాయరుతో ఆ పోలీసులకి నిజం చెప్పిస్తిమి. తన ఇష్టంతో పోయిన ఆడమనిషి యాడుందో మొగునికి చెప్పే పని లేదని ఫైలు మూసినారు. వానికి దారి చూపేదానికి ఒక డిటెక్టివ్ కావల్సొచ్చింది. దొరికితివి."

"నాకు ఒక్కమాట చెప్పుంటే ఏం పోయేది?"

"పోయిన నెలంతా నీకు ఫోన్ చేస్తాంటి. నా నంబరు చూసి కట్ చేస్తివి."

అది నిజం. ఆమె ఎత్తలేదు. ఎత్తకపోవడం గెలుపనుకుంది.

"సోమవారం ఏముంది?" అంది ఆమె, నేల చూస్తూ.

"కోర్టు. రాధ జోలికి వాడు రాకుండా ఆర్డరు అడుగుతాండాము. అంతవరకు దాచి పెట్టల్లని బుకిట్ పంజాంగ్‌లో పెట్టినాము. నువ్వు పసిగట్టినావని సుచీ ఫోన్ చేసె. యాడ వానికి చెప్పేస్తావోనని ఆపేదానికి వచ్చినా." అతని వెటకారం అక్కడితో ఆగిపోయింది. ఆమె మొహం చూశాడు. "చెప్పేస్తివా?"

"బ్లాకు చెప్పాను. అంతస్తు తెలీదన్నాను. ఆఫీసుకని వెళ్ళాడు."

చక్రధర్ అప్పటికే వీధిలోకి పరిగెత్తి ట్యాక్సీకి చెయ్యి ఊపుతున్నాడు.

ట్యాక్సీలోంచి పోలీసులకి ఫోన్ చేశారు. కారు పంపుతున్నామన్నారు. బిషాన్‌లో ముసలావిడ సంగతి కూడా చెప్పింది రాజకుమారి. తర్వాత సుచిత్ర హ్యాండ్‌ఫోన్‌కి చేసింది. మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్ళీ చేసింది. ఎంతోమంది మోసగాళ్ళని, దొంగలని చూసిన మనిషి ఆమె. వాళ్ళెవరి ఇంట్లోనూ నారింజ రసం కింద పళ్ళెం పెట్టి ఇవ్వలేదు. ఆ పళ్ళెం గుర్తొచ్చినప్పుడల్లా భయం పెరుగుతోంది.

"ఇంకాస్త తొందరగా, అంకుల్," అంది డ్రైవరుతో. చైనా పెద్దాయన అద్దంలో ఆమెను చూసి, ఏమీ అడక్కుండా వేగం పెంచాడు.

*

బ్లాకు ముందు ఎండ మండిపోతోంది. కార్ల వరసలో జగన్మోహనరావు కారు కనపడలేదు. కింద ఖాళీ జాగాలో ఇద్దరు ముసలివాళ్ళు చదరంగం ఆడుకుంటున్నారు. వాళ్ళు తప్ప ఎవరూ లేరు. రాజకుమారికి కాస్త ఊపిరాడింది.

ఆ లిఫ్టు అన్ని అంతస్తుల్లో ఆగదు. ఐదులో దిగి, ఒక వరస మెట్లు కిందికొచ్చి, పొడవాటి వరండా వెంట నడిచారు. చక్రధర్ ఒక తలుపు మీద చేత్తో తట్టి తన పేరు చెప్పాడు.

తలుపు కొంచెం తెరుచుకుంది. ఇనప ఊచల గేటు వెనక నిలబడ్డ అమ్మాయికి ముప్ఫై ఏళ్ళు దాటి ఉండవు. జుట్టు భుజాల పైకి కత్తిరించుకుంది. రాజకుమారి దగ్గరున్న ఫొటోలో రాధకి నడుము దాకా జడ ఉంది. కళ్ళు మాత్రం అవే.

"సుచీ ఉందా?" అన్నాడు చక్రధర్.

"ఇప్పుడే వచ్చింది. పెరుగు మర్చిపోయాననీ, కింద కొట్లో తెస్తాననీ మళ్ళీ దిగింది. ఫోన్ ఇక్కడే వదిలేసింది, ఆగకుండా మోగుతోంది. నాది కాదు కదా అని ఎత్తలేదు." ఆమె రాజకుమారి వైపు చూసింది. "వీరెవరు?"

చక్రధర్ నోరు తెరిచేలోగా రాజకుమారే చెప్పింది. "మీ ఆయన పెట్టుకున్న డిటెక్టివ్‌ని. నువ్వీ బ్లాకులో ఉన్నావని ఆయనకు ఇవాళ నేనే చెప్పాను. ఆయన ఎలాంటివాడో అప్పటికి నాకు తెలీదు. తెలుసుకోవాల్సింది, తెలుసుకోలేదు."

రాధ రెండు చేతులతో గేటు ఊచలు పట్టుకుంది. అరవలేదు, ఏడవలేదు. "ఎలా కనిపెట్టారు?" అంది.

"లిండోస్‌లో సూర్యుడు సముద్రంలో మునిగాడంది సుచిత్ర."

"అది చూశాం," అంది రాధ. "నిజంగానే చూశాం. లిండోస్‌లో కాదు. ఎయిర్‌పోర్టు పడమటి ఒడ్డున ఉంది. నన్ను విమానం ఎక్కించడానికి వచ్చినప్పుడు ఇద్దరం ఆ రోడ్డు పక్కన రాళ్ళ మీద కూర్చున్నాం. ఎదురుగా సూర్యుడు అలా నీళ్ళలోకి దిగుతుంటే, పెళ్ళయ్యాక ఇంతసేపు నన్నెవరూ లెమ్మనకుండా కూర్చోవడం ఇదే మొదటిసారి అన్నాను దాంతో. పిచ్చిది, అబద్ధంలో కూడా ఆ ఒక్కటి వదల్లేకపోయింది."

రాజకుమారి సంచిలో ఫోన్ మోగింది.

నంబరు చూసి ఆమె చక్రధర్‌కి చూపించింది. ఎత్తమని అతను సైగ చేశాడు.

"రాజకుమారిగారూ," అన్నాడు జగన్మోహనరావు. అదే మెత్తటి గొంతు. "అమ్మ మిమ్మల్ని బాగా చూసుకుందా? నేను ఆఫీసులోనే ఉన్నాను. కొత్తగా ఏమైనా తెలిసిందేమోనని చేశాను."

ఆమె జవాబు వెతుక్కుంటూండగా కింద వీధిలోంచి బూర చప్పుడు వచ్చింది. పాత పేపర్లు, ఇనప సామాన్లు కొనే కరంగూని మనిషి బండి తోసుకుంటూ, రబ్బరు బూర నొక్కుకుంటూ వెళ్తున్నాడు. పోం, పోం.

అదే బూర ఆమె చెవి దగ్గర, ఫోన్లో కూడా మోగింది.

ఆమె వరండా పిట్టగోడ మీదినుంచి కిందికి చూసింది.

"అవునండి, ఇక్కడే ఉన్నాను," అన్నాడాయన, ఆమె చూపు తనకి తగిలినట్టు. "మీ పచ్చ చీర కిందినుంచి బాగా కనపడుతోంది. మీరు ఏ తలుపు ముందు ఆగారో చూశాను, థాంక్స్."

చెట్టు నీడలో ఆయన నిలబడి ఉన్నాడు. పక్కన సుచిత్ర. పెద్దవాళ్ళు చిన్నపిల్లల్ని రోడ్డు దాటించేటప్పుడు పట్టుకున్నట్టు ఆమె మోచెయ్యి పట్టుకుని ఉన్నాడు. భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఆనించుకున్నాడు. రెండో చెయ్యి ప్యాంటు జేబులో ఉంది. జేబులో ఏముందో పైనుంచి కనపడదు. సుచిత్ర నిటారుగా, ఏ మాత్రం కదలకుండా నిలబడి ఉంది. కాళ్ళ దగ్గర పెరుగు డబ్బా పడి పగిలింది.

"సుచిత్ర కొంచెం భయపడుతోంది," అన్నాడాయన. "నేను మాత్రం మాట్లాడటానికే వచ్చాను. రాధని కిందికి పంపండి. ముగ్గురం కార్లో కూర్చుని మాట్లాడుకుంటాం. మీ పక్కనున్న పెద్దమనిషిని మాత్రం మెట్ల వైపు వెళ్ళొద్దనండి. నాకు కనపడుతూనే ఉన్నాడు."

అప్పటికే రెండడుగులు వేసిన చక్రధర్ అక్కడే ఆగిపోయాడు. పోలీసు కారు జాడ లేదు.

వెనక గేటు తాళం తిరిగిన చప్పుడైంది. రాధ చెప్పులు వేసుకుని బయటికొస్తోంది. ఫోన్లో మాటలన్నీ ఆమె విన్నది.

"లోపలికి పో అమ్మా," అంది రాజకుమారి, దారికి అడ్డంగా నిలబడి. "పోలీసులొస్తున్నారు. నిన్ను కార్లో ఎక్కించుకున్నాడంటే మళ్ళీ ఎవరం వెతకలేం."

"వాళ్ళొచ్చేదాకా ఆయన దాని చెయ్యి అలా పట్టుకునే ఉంటాడు," అంది రాధ. పెదాలు తెల్లబడ్డాయి. మాట మాత్రం తడబడలేదు. "అది నా కోసం రెండు దేశాల్లో అబద్ధం చెప్పింది. తలుపు వెనక దాక్కుని ఇది కూడా చూడమంటారా?"

ఆమె రాజకుమారి చేతిలోంచి ఫోన్ తీసుకుంది. "వస్తున్నాను," అంది అందులోకి. "అది ఆ చెట్టు దగ్గరే, నాకు కనపడేలా ఉండాలి. అది కనపడకపోతే నేను మెట్ల మీదే ఆగిపోతాను."

అవతల్నుంచి ఊపిరి మాత్రం వినపడింది.

రాధ ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని మెట్ల వైపు నడిచింది. రాజకుమారి ఆమెను దాటి ముందుకెళ్ళింది. మెట్లు సన్నగా, మలుపులు మలుపులుగా ఉన్నాయి; మలుపు తిరిగినప్పుడల్లా పిట్టగోడ మీదుగా ఆ చెట్టు కనపడుతోంది. ప్రతి మలుపులోనూ తను రాధ కంటే ఒక మెట్టు ముందే ఉండేలా చూసుకుంటూ దిగసాగింది.